కత్తి పట్టిన చేతికి పెన్షను లేదు



ఈ ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా మన కార్యదర్శి గారు కోరారు. సింగరేణి చరిత్ర వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. 1871లో ఇల్లందు ప్రాంతంలో డాక్టర్ కింగ్ బొగ్గు జాడ కనిపెట్టిన దగ్గర నుంచి, 1920లో కంపెనీ ఏర్పడిన దగ్గర నుంచి, మన గోదావరిఖని బావుల దాకా ఎవరో ఒకరు చక్కగా వ్రాస్తూనే ఉన్నారు. అందువల్ల నేను ఒక సినిమా నటుని చరిత్ర ఎంచుకున్నాను. పెన్షనర్ల పత్రికలో సినిమా నటుడేమిటని కొందరికి అనిపించవచ్చు. చివరిదాకా చదివితే ఆయన కథలో మన కథ ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. ఆయన మరెవరో కాదు, మనమంతా నేల టికెట్టు కొనుక్కొని చూసిన కత్తివీరుడు కాంతారావు గారు.

నేను 2008లో రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడాది మార్చి 22న కాంతారావు గారు హైదరాబాదులో క్యాన్సరుతో కన్నుమూశారు. మర్నాడు ఉదయం ఎయిటింక్లైన్ కాలనీలో మేము రోజూ కూర్చునే చాయ హోటలు ముందర పేపరు తిరగేస్తుంటే ఆయన ఫొటో కనిపించింది. నా పక్కన నా పాత జతగాడు ఉన్నాడు. అతనూ నేనూ ఒకే బావిలో ఫిల్లర్లం. పలచటి మీసం దువ్వుకునేవాడు గనుక బావి మీద అందరూ అతన్ని "కాంతారావు" అనే పిలిచేవారు. అసలు పేరు మస్టరులో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. పేపరు చాలాసేపు చూసి, మడిచి నా చేతిలో పెట్టి, "అన్నా, అంత కత్తి తిప్పినాయన కిరాయింట్ల బతికిండట. మనకు ఎంతో కొంత పెన్షనన్న ఉన్నది. ఆ చేతికి అది గూడ లేదు" అన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు. ఈ వ్యాసానికి మూలం అదే.

గుడిబండ నుంచి మద్రాసుకు

కాంతారావు గారి పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబరు 16న కోదాడ దగ్గరి గుడిబండ గ్రామంలో జన్మించారు. అది అప్పుడు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడదీసిన తర్వాత సూర్యాపేట జిల్లాలోకి వచ్చింది. ఆ రోజుల్లో మన ప్రాంతంలో కచేరీ భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. తెలుగు బ్రతికింది ఇళ్లలో, భజనల్లో, నాటకాల్లో. యువకుడైన కాంతారావు గారిని పట్టుకున్నది ఆ నాటకాల పిచ్చే.

అప్పటికి తెలుగు సినిమా అంటే మద్రాసు. నటులు, నిర్మాతలు, పాటలు వ్రాసేవారు ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చినవారు. నిజాం రాజ్యం నుంచి పోయి అక్కడ నిలబడడం ఎంత కష్టమో మనం ఊహించుకోవచ్చు. మన బావుల్లోకి కొత్తగా వచ్చిన బదిలీ ఫిల్లరు ఎట్లా ప్రతిరోజూ మస్టరు దగ్గర నిలబడి, తన పేరు పిలుస్తారా లేదా అని చూసేవాడో, ఆయన కూడా అట్లాగే స్టూడియోల గేట్ల దగ్గర నిలబడి ఉంటారు.

ఆయనకు తలుపు తీసినవారు హెచ్.ఎం.రెడ్డి గారు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" తీసిన దర్శకుడు. 1951లో వచ్చిన "నిర్దోషి"లో ఒక చిన్న వేషం ఇచ్చారు. తరువాత 1953లో "ప్రతిజ్ఞ" చిత్రంలో ఏకంగా కథానాయకుణ్ణి చేశారు. అదే చిత్రంతో ప్రతినాయకుడుగా పరిచయమైనవారు నెల్లూరి వాసి రాజనాల గారు. ఒకే సినిమాలో ఒకరు వీరుడు, ఒకరు విలను. ఆ తరువాత దశాబ్దం పైగా తెలుగు తెర మీద వారిద్దరి కత్తులూ తగులుతూనే ఉన్నాయి. వారిద్దరి చివరి రోజులు కూడా ఒకే తీరుగా గడిచాయి. ఆ సంగతి తరువాత చెబుతాను.

జానపదాల కాలం

నేటి పిల్లలకు జానపద చిత్రం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. ఒక రాజ్యం ఉంటుంది. మంత్రో సేనాపతో దుర్మార్గుడై ఉంటాడు. రాకుమారుడు చిన్నప్పుడే తప్పిపోయి అడవిలో పెరుగుతాడు. ఒక మాంత్రికుడు, వాని ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో. చివర్లో కోట మెట్ల మీద కత్తియుద్ధం. 1949లో "కీలుగుర్రం", 1951లో "పాతాళభైరవి" ఇంటింటికీ చేరిన తరువాత ఇటువంటి కథలకు గిరాకీ విపరీతంగా పెరిగింది.

ఆ గిరాకీని అందుకున్నవారు బి.విఠలాచార్య గారు. ఉడుపి ప్రాంతం నుంచి కన్నడ చిత్రాల మీదుగా తెలుగుకు వచ్చారు. తక్కువ ఖర్చులో, చెప్పిన రోజుకు సినిమా పూర్తి చేయడం ఆయన ప్రత్యేకత. కెమెరా ఆపి మళ్లీ తిప్పడం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ పట్టడం వంటి ఉపాయాలతోనే దయ్యాలను ఆడించారు, మనుషులను మేకలుగా మార్చారు. ఏ నటుడైనా రానని మొరాయిస్తే ఆ పాత్రను శాపం పెట్టి చిలుకనో మేకనో చేసి మిగతా సినిమా లాగించేవారని సరదాగా ఇప్పటికీ చెప్పుకుంటారు.

విఠలాచార్య గారి మాయలకు నమ్మకం కలిగించే మనిషి ఒకరు కావాలి. ఎముకల గూడు ఎగురుతున్నా, రాయి మాట్లాడుతున్నా ఆ మధ్యలో నిలబడినవాడు నిజమని తోచాలి. ఆ మనిషి కాంతారావు గారు. "జయ విజయ" (1959), "కనకదుర్గ పూజామహిమ" (1960), "మదన కామరాజు కథ" (1962), "గురువును మించిన శిష్యుడు" (1963), "నవగ్రహ పూజామహిమ" (1964), "జ్వాలాద్వీప రహస్యం" (1965) - పేర్లు చెబితేనే మన వయసువారికి డేరాలోని పెట్రోమాక్స్ వాసన వస్తుంది.

నేను మంథని వైపు పల్లెటూరి వాణ్ణి. పదకొండేళ్ల వయసులో మా నాయన ఎడ్లబండి మీద పెద్దపల్లి సంతకు తీసుకుపోయి, రాత్రికి డేరా సినిమా చూపించాడు. అది "జయ విజయ". ఇసుక మీద కూర్చున్నాం. కాంతారావు గారు కత్తి దూసినప్పుడు మా నాయన, జీవితంలో ఎవరి ముందరా గొంతు పెంచనివాడు, గట్టిగా "కొట్టు!" అని అరిచాడు. నేను తెరను వదిలి మా నాయన ముఖం చూశాను. ఊళ్లో దొర గడి ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచే మనిషి ఆ రాత్రి అట్లా అరిచాడు. జానపద సినిమాలు పనికిమాలిన కాలక్షేపమని చదువుకున్నవారు అంటుంటారు. నేను మాత్రం ఆ మాట ఒప్పుకోలేను.

మన బావుల మీద ఆయన

1967లో నేను గోదావరిఖనికి వచ్చి బదిలీ ఫిల్లరుగా చేరాను. పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది - ఊరు ఇంకా ఊరు కాలేదు. తడికల ఇళ్లు, ఎర్రమట్టి, బొగ్గు దుమ్ము, అన్ని జిల్లాల నుంచి వచ్చి చేరిన ఒంటరి మనుషులు. తట్ట, చెమ్మస్ పట్టుకొని టబ్బులు నింపి పైకి వచ్చేసరికి పళ్లు తప్ప ఇంకేమీ తెల్లగా ఉండేవి కావు. అటువంటివారికి జీతాల రోజున రెండే చోట్లు. ఒకటి కల్లు కాంపౌండు, రెండోది సినిమా. సినిమా వైపు పోయినవాని జేబులో మర్నాటికి కొంచెం డబ్బు మిగిలేది.

పాత సినిమాలే తిరిగి తిరిగి వచ్చేవి. కాంతారావు గారి బొమ్మ ఎన్నోసారి వచ్చినా నేల నిండేది. రెండో షిఫ్టువారు చూడలేకపోతే మొదటి షిఫ్టువారు మర్నాడు లాంపురూము దగ్గర కథ చెప్పేవారు. మా జతగాడు "కాంతారావు" ఈ పనిలో ఆరితేరినవాడు. దిగువన టబ్బులు ఆలస్యమైనప్పుడు, క్యాప్‌లాంపు వెలుతురులో కూర్చోబెట్టి, కత్తుల చప్పుడుతో సహా కథ మొత్తం వినిపించేవాడు. రాజనాల నవ్వు కూడా నవ్వేవాడు. చీకట్లో ఆ నవ్వు వింటే కొత్త పిల్లలు నిజంగానే జంకేవారు. సర్దారు దీపం కనిపించగానే కథ ఆగిపోయేది. మిగతాది మర్నాడే.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. కాంతారావు గారు తెలంగాణ మనిషి అని మాకు తెలుసు. తెరమీద ఆయన పలికేది అచ్చమైన గ్రాంథిక సంభాషణ. నల్లగొండ యాస ఎక్కడా దొర్లేది కాదు. అయినా "మనోడు" అనే గర్వం ఉండేది. మన మాటను తెరమీద నవ్వులాటకు వాడుకున్న రోజుల్లో, మన మనిషి కిరీటం పెట్టుకొని నిలబడడం చిన్న విషయం కాదు.

కత్తి లేని పాత్రలు

కాంతారావు గారిని ఒక్క కత్తికే కట్టివేయడం అన్యాయం. నారదుడంటే ఆయనే అన్నంతగా ఆ పాత్రలో పేరు తెచ్చుకున్నారు. "దీపావళి" (1960), "సీతారామ కల్యాణం" (1961), "శ్రీకృష్ణ తులాభారం" (1966) చూసినవారికి ఆ చిరునవ్వు గుర్తుంటుంది.

శ్రీకృష్ణుడుగా కూడా వేశారు. తెలుగువారికి కృష్ణుడంటే ఎన్.టి.రామారావు గారే. కాని రామారావు గారు అర్జునుడో భీముడో అయినప్పుడు కృష్ణుడు ఎవరు? "నర్తనశాల" (1963), "బభ్రువాహన" (1964), "పాండవ వనవాసం" (1965) - ఈ మూడింటిలోనూ కాంతారావు గారే. రామారావు గారి పక్కన నిలబడి కృష్ణుడు అనిపించుకోవడం కన్నా నటునికి పెద్ద పరీక్ష ఉంటుందా? ఆ పరీక్షలో ఆయన నెగ్గారు.

అన్నింటికన్నా మిన్న "లవకుశ". తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం. మొదలుపెట్టిన తరువాత డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆగి, సి.పుల్లయ్య గారు ప్రారంభించిన దానిని ఆయన కుమారుడు సి.ఎస్.రావు గారు పూర్తి చేయగా 1963 మార్చి 29న విడుదలైంది. అందులో కాంతారావు గారు లక్ష్మణుడు. సీతమ్మను అడవిలో విడిచి రమ్మని అన్న ఆజ్ఞ. రథం మీద తీసుకుపోతున్నాడు. ఆ తల్లికి సంగతి తెలియదు. చెప్పాలి, చెప్పలేడు. వంద మందిని ఒంటిచేత్తో నరికే వీరుడు ఆ ఘట్టంలో చేతులు కట్టుకొని ఏడుస్తాడు. నేను ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పై అధికారి ఇచ్చిన కష్టమైన ఆజ్ఞను కిందివారికి చేరవేయవలసి వచ్చిన ప్రతి సర్దారుకు, ప్రతి ఓవర్‌మెన్‌కు ఆ బాధ తెలుసు. నేను తరువాత ఆ రెండు ఉద్యోగాలూ చేశాను గనుక చెబుతున్నాను.

సాంఘికాల్లో "శాంతినివాసం" (1960), చారిత్రకాల్లో విశ్వనాథ సత్యనారాయణ గారి నవల ఆధారంగా వచ్చిన "ఏకవీర" (1969) ఆయనకు గౌరవం తెచ్చినవి. "ఏకవీర"కు మాటలు వ్రాసినవారు మన కరీంనగర్ జిల్లా వాసి, కవి డాక్టర్ సి.నారాయణరెడ్డి గారు. మొత్తం మీద ఆయన నటించిన చిత్రాలు నాలుగు వందలకు పైగా ఉంటాయి.

కత్తి పోయి తుపాకి వచ్చింది

సినిమాలో వీరుడు ప్రతి దేశంలోనూ ఉన్నాడు. అమెరికాలో ఎరల్ ఫ్లిన్ 1938లోనే రాబిన్‌హుడ్‌గా కత్తి తిప్పాడు. ఫిలిప్పీన్స్ దేశంలో ఫెర్నాండో పో జూనియర్ అనే నటుడు ఉండేవారు. పేదల పక్షాన పోరాడే వీరుడుగా వేసి వేసి ప్రజల మనసు దోచుకున్నారు. 1980లో ఒక కమ్మరి, కత్తి పట్టి దుష్టులను ఎదిరించే పాత్రతో ఆ దేశపు జానపదాలకు కొత్త ఊపు తెచ్చారు. 2004లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయి, అదే ఏడాది డిసెంబరులో మరణించారు. తెరమీద న్యాయం గెలిపించినవారికి బయట గెలుపు అంత సులభం కాదని అక్కడి కథ కూడా చెబుతున్నది.

మన దగ్గర మార్పు 1960ల మధ్యలో మొదలైంది. 1963లో విఠలాచార్య గారు రామారావు గారితో "బందిపోటు" తీశారు. పెద్ద నటులే ఆయన జానపదాల్లోకి వచ్చాక కాంతారావు గారి వంతు తగ్గింది. 1966లో కృష్ణ గారి "గూఢచారి 116" వచ్చింది. 1971లో "మోసగాళ్లకు మోసగాడు" వచ్చింది. గుర్రం అదే, దుమ్ము అదే. చేతిలో మాత్రం కత్తి పోయి తుపాకి వచ్చింది. కుర్రవాళ్లు అటు మళ్లారు. నిజం చెప్పాలంటే నేనూ మళ్లాను. ఒక కొత్త యంత్రం దిగితే పాత చేతిపని ఎట్లా పక్కకు పోతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. తట్ట, చెమ్మస్ పట్టినవారి పని యంత్రాలు, ఓపెన్‌కాస్టులు వచ్చాక ఏమైందో మన కళ్ల ముందరే చూశాం.

హంస ప్రొడక్షన్స్

సరిగ్గా ఈ సమయంలోనే కాంతారావు గారు నిర్మాత అయ్యారు. హంస ప్రొడక్షన్స్ పేరిట 1969లో వేదాంతం రాఘవయ్య గారి దర్శకత్వంలో "సప్తస్వరాలు" తీశారు. సంగీతం ప్రధానంగా, ఎంతో అభిరుచితో తీసిన చిత్రం. అదే ఏడాది "గండర గండడు". 1971లో "ప్రేమజీవులు". చాలా ఏళ్ల తరువాత 1981లో "గువ్వల జంట", 1989లో "స్వాతి చినుకులు". ఈ నిర్మాణాల్లో ఆయన సంపాదించినదంతా కరిగిపోయింది. ఆస్తులు పోయాయి, అప్పులు మిగిలాయి.

ఇటువంటి దెబ్బ తిన్న తెలంగాణ వీరుడు ఆయన ఒక్కరే కాదు. మన కరీంనగర్‌లో 1909లో పుట్టిన పైడి జైరాజ్ గారు బొంబాయికి పోయి, మూకీల కాలం నుంచే హిందీ తెర మీద సాహస నాయకుడుగా వెలిగారు. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్ వంటి వీరుల పాత్రలు వేశారు. ఆయన కూడా 1951లో "సాగర్" అనే సొంత చిత్రం తీసి నష్టపోయారు. అయితే 1980 సంవత్సరానికి ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. 2000లో ముంబయిలో కన్నుమూశారు. జైరాజ్ గారు పుట్టిన జిల్లాలో బ్రతికిన మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఎందుకు తీయాలి సొంత సినిమా, వేషం వేసుకొని డబ్బు తీసుకుంటే చాలదా అని అడగడం సులభం. నేను అడగను. 1986లో నేనూ మరో ఇద్దరు మిత్రులమూ పి.ఎఫ్. అడ్వాన్సు తీసి ఒక పాత లారీ కొన్నాం. ఎన్నాళ్లని ఒకరి కింద పనిచేస్తాం, మన పేరు మీద ఏదో ఒకటి ఉండాలి అనే ఆశ. లారీ కన్నా ముందు దాని మీద పేరు వ్రాయించాం. రెండేళ్లలో టైర్లు, రిపేర్లు, డ్రైవరు జీతం కలిసి లారీని మింగాయి. పెద్దమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు అందులోనే పోయింది. నా భార్య మెడలోని గొలుసు అమ్మి పెళ్లి చేశాం. ఆమె ఈనాటికీ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు శిక్ష. కనుక కాంతారావు గారిని తప్పు పట్టే అర్హత నాకు లేదు. చేతిలో పని ఉన్న మనిషికి తనదంటూ ఒకటి కట్టుకోవాలనే కోరిక పుట్టడం సహజం.

తేడా ఒక్కటే. లారీ పోయినా తెల్లవారి నాకు మస్టరు ఉన్నది. కాంతారావు గారికి లేదు.

దిగివచ్చిన మెట్లు

మన కంపెనీలో "యాక్టింగ్" అంటే కింది పోస్టువాడు తాత్కాలికంగా పై పోస్టులో పనిచేయడం. కాంతారావు గారి యాక్టింగ్ తలకిందులైంది. నాయక పాత్రల నుంచి తండ్రి పాత్రలకు, అక్కడ నుంచి రెండు మూడు సన్నివేశాల వేషాలకు వచ్చారు. అయినా వేసిన వేషానికి లోటు చేయలేదు. కె.విశ్వనాథ్ గారి "ఓ సీత కథ" (1974), బాపు గారి "ముత్యాల ముగ్గు" (1975)లో ఆయన హుందాతనం చూడండి. రాకుమారుడు ముసలివాడయ్యాడే తప్ప రాచరికం పోలేదు.

పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిన తరువాత ఆయనా హైదరాబాదు చేరారు. చిన్న వేషాలతో, అద్దె ఇంటిలో, మందుల ఖర్చులతో చివరి సంవత్సరాలు గడిచాయి. 2000 సంవత్సరానికి రాష్ట్ర ప్రభుత్వం రఘుపతి వెంకయ్య పురస్కారంతో గౌరవించింది. "అనగనగా ఒక రాకుమారుడు" అనే పేరుతో ఆత్మకథ వెలువడింది. ఆ పేరులోనే ఆయన జీవితమంతా ఉన్నది.

రాజనాల గారి సంగతి చెబుతానన్నాను. మధుమేహంతో కాలు తీసివేయవలసి వచ్చింది. పేదరికంలోనే 1998లో చెన్నైలో మరణించారు. తెరమీద రాజ్యం కోసం కొట్టుకున్న ఇద్దరికీ చివరకు రాజ్యం మిగలలేదు. 1953లో ఒకే సినిమాతో నిలబడిన ఇద్దరు ఇట్లా ముగిసిపోయారు.

కాంతారావు గారు పోయిన మరుసటి ఏడాది, 2010లో, "కత్తి కాంతారావు" అనే పేరుతో ఒక హాస్య చిత్రం వచ్చింది. మా మనుమడు టీవీలో చూసి పడిపడి నవ్వాడు. "తాతా, కత్తి కాంతారావు అంటే నిజంగా ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు. ఉన్నారని చెప్పాను. ఆ రాత్రి వానికి "జ్వాలాద్వీప రహస్యం" కథ చెప్పాను. కత్తుల చప్పుడు చేయడం మా జతగానికి వచ్చినంత బాగా నాకు రాలేదు.

మనకు ఏమి తెలిసింది

మిత్రులారా, బొగ్గు గని కార్మికునికి భవిష్యనిధి చట్టం 1948లో వచ్చింది. 1971లో కుటుంబ పెన్షన్ పథకం వచ్చింది. 1998లో ఇప్పటి పెన్షన్ పథకం వచ్చింది. ఇవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనకన్నా ముందరి వారు అడిగితే, సమ్మెలు చేస్తే, జీతాలు పోగొట్టుకుంటే వచ్చినవి. ఆ పెన్షను చాలదని మనమంతా అనుకుంటాం, అది నిజమే. 1998 నాటి లెక్కలతో ఈనాటి మందులు కొనలేం. పెంచమని అడుగుతూనే ఉండాలి, అందుకే ఈ సంఘం ఉన్నది. కాని నెల మొదట్లో బ్యాంకులో పడే ఆ కొద్దిపాటి సొమ్ము విలువ ఏమిటో, అది అసలే లేనివారి జీవితం చూసినప్పుడే తెలుస్తుంది.

కాంతారావు గారు నలభై ఏళ్లకు పైగా పనిచేశారు. రెక్కల కష్టం చేశారు. గుర్రాల మీద నుంచి దూకారు, మెట్ల మీద కత్తి తిప్పారు, లక్షలమందిని సంతోషపెట్టారు. ఆ పనికి మస్టరు లేదు. గ్రాట్యుటీ లేదు. జబ్బు చేస్తే కంపెనీ ఆసుపత్రి లేదు. చప్పట్లు ఏ ఖాతాలోనూ జమ కావు. పేరు ఎంత పెద్దదైనా, వృద్ధాప్యానికి ఒక ఏర్పాటు లేని పని ఏదైనా ప్రమాదమైన పనే. నేడు మన పిల్లలు, మనుమలు చేస్తున్న ఉద్యోగాలు చూడండి. కాంట్రాక్టు పనులు, ఔట్‌సోర్సింగ్, మోటారు సైకిల్ మీద తిండి పొట్లాలు అందించే పనులు. జీతం కొన్నిసార్లు మనకన్నా ఎక్కువే. రేపు చెయ్యి ఆడనప్పుడు ఏమిటి? ఈ ప్రశ్న ఇంట్లో కూర్చోబెట్టి అడగవలసిన బాధ్యత మనది.

నా జతగాడు "కాంతారావు" ఇప్పుడు లేడు. అతను పోయి నాలుగేళ్లయింది. కాగితాల్లో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు ఉండడంతో అతని భార్యకు రావలసిన పెన్షను మొదలు కావడానికి చాలా నెలలు పట్టింది. మన సంఘం మిత్రులు ఆమె వెంట తిరిగి పని చేయించారు. సినిమా పేరుతోనే బ్రతికినవాడు అసలు పేరు సరిచూసుకోలేదు. దయచేసి మీరు చూసుకోండి. నామినీ పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా ఒక్కసారి మీ పిల్లల చేత చదివించుకోండి.

2023 నవంబరు 16 నాటికి కాంతారావు గారు పుట్టి నూరేళ్లు నిండాయి. నవంబరు మనకు లైఫ్ సర్టిఫికెట్ల నెల. బ్రతికే ఉన్నామని వేలిముద్ర వేసి రుజువు చేసుకునే నెల. ఈసారి ఆ పని మీద బయలుదేరినప్పుడు మనుమడినో మనుమరాలినో వెంట తీసుకుపొండి. తిరిగి వచ్చాక ఆయన పాత సినిమా ఒకటి ఫోనులో పెట్టించుకొని కలిసి చూడండి. చివరి కత్తియుద్ధం వచ్చినప్పుడు మా నాయన లాగా ఒక్కసారి "కొట్టు!" అని అరవండి. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.